పలకకూడని పేరు

"ఆపండి! చంపింది అతను కాదు. చూసినవాణ్ణి నేనున్నాను!"

తాలూకా కచేరీ ప్రహరీ గుమ్మం దాటుతూనే శరభయ్య అరిచాడు. బల్లకట్టు పాయకి అవతలి ఒడ్డున ఉండిపోతే దానికోసం ఆగకుండా రొమ్ములోతు నీళ్ళలో దిగి వచ్చాడు. తడిసిన పంచె కాళ్ళకి చుట్టుకుని రెండుసార్లు ముందుకు పడబోయాడు.

కచేరీ వెనక పెంకుల కొట్టంలోంచి వస్తున్న కేక ఆగింది. అది నూకరాజు గొంతు. శరభయ్యకి చిన్నప్పటినుంచీ తెలిసిన గొంతు.

కొట్టం గుమ్మంలోకి ఇద్దరు బంట్రోతులు వచ్చి నిలబడ్డారు. ఒకడి చేతిలో కిట్టి ఉంది. కిట్టి అంటే రెండు చెక్కలు, ఒక కొసన తాడుతో బిగించి ఉంటాయి. మధ్యలో మనిషి వేళ్ళు పెట్టి రెండో కొస నొక్కుతారు. నేరం ఒప్పుకునేదాకా నొక్కుతారు.

"ఎవరయ్యా నువ్వు?" అరుగు మీద బల్ల ముందు కూర్చున్న తాసీల్దారు గంగాధరరావు అడిగాడు.

"శరభయ్యనండీ. మురమళ్ళలో వేదం చెప్పుకుని బతుకుతున్నాను. చదివింది పెదమడి సత్రంలో. బుల్లబ్బాయీ నేనూ ఒకే చాప మీద పడుకునేవాళ్ళం."

బుల్లబ్బాయి అనే మాట వినగానే పక్కన కూర్చున్న గుమాస్తా కలం కింద పెట్టాడు.

ఆ పేరు వారం రోజులుగా తాలూకా అంతా మోగుతోంది. ఆనకట్ట నీళ్ళు కోనసీమకి తెచ్చే కొత్త కాలువని పెదమడి సత్రం వెనక కొబ్బరితోటలోంచి తవ్వుతుంటే పారకి ఎముకలు తగిలాయి. చిన్నపిల్లవాడి ఎముకలు. పుర్రెకి అటూ ఇటూ రెండు బంగారు చెవిపోగులు. కూలీలు భయపడి గట్టెక్కేశారు. మట్టి మోసే పడవ నడుపుతున్న నూకరాజు ఒక్కడే కిందికి దిగాడు. పోగులు చూశాడు. బురదలో మోకాళ్ళ మీద కూలబడి, "ఒరే బుల్లబ్బాయీ, ఇక్కడున్నావట్రా!" అని గొల్లుగొల్లున ఏడ్చాడు.

అదే అతను చేసిన తప్పు. ఎవరివో ఎవరికీ తెలియని ఎముకల్ని పేరు పెట్టి పిలిచాడు. పేరు తెలిసినవాడే పాతిపెట్టి ఉంటాడని ఊరి మునసబు తేల్చాడు. పొద్దుగూకేసరికి నూకరాజు చేతులకి తాడు పడింది.

అనుమానానికి పాత పునాది కూడా ఉంది. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు పెదమడి సత్రంలో ఇద్దరు అనాథలు ఒక్కరోజే మాయమయ్యారు. ఒకడు వేదం చదివే బుల్లబ్బాయి, రెండోవాడు పశువుల్ని కాసే నూకరాజు. పోగులకి ఆశపడి నూకరాజే పిల్లవాణ్ణి పడవలో ఎత్తుకుపోయాడని సత్రం గురువుగారు అప్పుడే చెప్పారు. ఊరు నమ్మింది. ఇప్పుడు ఎముకలు దొరికాయి, కథ అతికినట్టు సరిపోయింది.

ఒప్పుకోలు కాగితం తయారుగా ఉంది. నూకరాజు నిశానీ పడడమే తరువాయి. రేవులో పడవ కట్టి ఉంది. భోజనాల వేళకి బయల్దేరితే జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరం. అక్కడ జడ్జీ దొర. ఆపైన ఉరి.

"పోగులకోసం చంపినవాడు ఆ పోగులు మట్టిలో వదిలేసి పోతాడాండీ?" శరభయ్య ఆయాసపడుతూ అడిగాడు.

తాసీల్దారు గుమాస్తాకేసి చూశాడు.

"భయపడి వదిలేసుంటాడండి," అన్నాడు గుమాస్తా.

"ఆయ్, భయపడే పాతిపెట్టేడన్నమాట. తీరిగ్గా అంత లోతు గొయ్యి తవ్వి!"

"వేళాకోళం వద్దు," అన్నాడు తాసీల్దారు. "చూశానంటున్నావు. దైవసాక్షిగా చెప్పు. ఏం చూశావు?"

శరభయ్య చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతున్నంతసేపూ అరుగు చివర చెక్కిన రాతి చిలుకకేసి చూస్తూ ఉండిపోయాడు. మనుషుల మొహాల్లోకి చూస్తే మాట ఆగిపోతుందని అతని భయం.

"మా బడిలో కోదండం ఉండేదండీ. దూలానికి తాడు వేసి, తప్పు చేసిన కుర్రాడి రెండు చేతులూ కట్టి పైకి లాగేవారు. కాళ్ళు నేలకి అందకూడదు. ఆవేళ పొద్దున్నే బుల్లబ్బాయిని వేసేరు. మమ్మల్ని వాడికి ఎదురుగా కూర్చోబెట్టి వేదం సంత చెప్పించేరు. గురువుగారు ఒకసారి అంటే మేం రెండుసార్లు అనాలి. వాడు దాహం అన్నాడండి. మేం సంత చెబుతూనే ఉన్నాం. తరవాత అమ్మా అన్నాడు. వాడికి అమ్మ లేదు, ఉప్పెనలో పోయింది. మాకెవరికీ లేరు. మధ్యాహ్నం దాటేక వాడేమీ అనలేదు. సంధ్యావందనం వేళకి దింపేరు. దింపిన మనిషి వాడి చేతులు కిందికి వంచబోతే వంగలేదండి."

తాసీల్దారు బల్ల మీదికి వంగాడు.

"కోదండం వేసింది ఎవరు?"

"మా గురువుగారండీ."

"పేరు?"

శరభయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు.

శిష్యుడు గురువు పేరు పలకకూడదు. సత్రంలో అడుగుపెట్టిన పూట, అక్షరం కన్నా ముందు నేర్పే సంగతి అది. పేరు పలికిన నోట వేదం నిలవదంటారు. నేర్చిన వేదపు పనసలు ఒక్కొక్కటే నోరు విడిచి పోతాయంటారు. పలికినవాణ్ణి పంక్తిలో కూర్చోనివ్వరు, కార్యానికి పిలవరు. శరభయ్య ఆ పేరుని మనసులో కూడా అనుకోడు. అనుకోబోతే మెడ వెనక చెమట పడుతుంది.

"ఆయనేనండీ. పెదమడి సత్రం గురువుగారు."

"సత్రానికి అన్నదమ్ములిద్దరు గురువులుండేవారుగా. ఒకాయన కాశీలో పోయారు."

"పోయినాయన కాదండీ. ఉన్నాయన. చిన్నాయన."

"చిన్నాయనకి పేరు లేదా?"

"మీకు తెలుసు కదండీ!"

"నాకు తెలియడం వేరు, సాక్షి చెప్పడం వేరు."

"పోనీ మీరే అడగండి, ఫలానావారేనా అని. తలూపుతాను."

"సాక్షి నోట్లో మాట నేను పెట్టకూడదు."

"ఆయన్ని పిలిపించండి. వేలెత్తి చూపిస్తాను."

"రాజమహేంద్రవరంలో దొర చూసేది కాగితం. కాగితానికి నీ వేలు కనబడదు."

"రాసిస్తానండీ!"

"రాసినది పైకి చదివి, ఇది నా మాటేనని నీ నోటితో ఒప్పుకోవాలి. అదీ కాయిదా, కచేరీ నియమం. ఫలానావారి కొడుకు ఫలానావాడు ఈ నేరం చేశాడని సాక్షి నోట రాకపోతే అది సాక్ష్యం కాదు, ఊసుపోక కబురు."

గుమాస్తా తల వంచుకున్నాడు. అతనూ ఆ సత్రంలో కొన్నాళ్ళు చదివినవాడే. ఆ అరుగు మీద ఆ పేరు ఇబ్బంది లేకుండా పలకగలవాడు తాసీల్దారు ఒక్కడే. కానీ ఆయన ఇంట్లో పెళ్ళికీ తద్దినానికీ ముహూర్తం పెట్టేది ఆ గురువుగారే. కాయిదా ఆయనకి ఎంత అనుకూలంగా ఉందో ఆయన మొహమే చెబుతోంది.

"ముద్దాయి చెప్పేడుగా పేరు!" శరభయ్య గొంతు పెంచాడు. "కిట్టిలో పెట్టినప్పుడల్లా అరుస్తున్నాడని బయట అందరూ అంటున్నారు."

"ముద్దాయి ఎవరి పేరైనా అరుస్తాడు," అన్నాడు తాసీల్దారు. "పడవ విప్పేలోపు పేరు చెప్పగలిగితే రా. లేకపోతే ఇంటికెళ్ళి పొడిబట్ట కట్టుకో."

*

ప్రహరీ గోడ బయట ఒక ఆడమనిషి గంజి ముంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నూకరాజు పెళ్ళాం చిట్టెమ్మ. శరభయ్యని చూసి లేచి నిలబడింది.

"ఒక్క పేరేనటండీ బాబుగారూ?"

శరభయ్య తడిసిన పంచె కొస పిండాడు.

"గోడవతలనించి విన్నానండి. ఒక్క పేరు చెబితే మా ఆయన్ని వదిలేస్తారటగా."

"నీకు తెలీదమ్మా. గురువు పేరు శిష్యుడు..."

"తెలుసండి. మేం మాత్రం మొగుడి పేరు చెబుతామాండీ? పెళ్ళయినకాడినుంచీ నేనూ చెప్పలేదు. చెబితే ఆయుష్షు తగ్గుద్దంటారు. పొద్దున్న ఆ బంట్రోతు గుమ్మంలో నిలబెట్టేసి, ఎవరి పెళ్ళానివే, పేరు చెబితేగానీ గంజి లోపలికి పోనివ్వనన్నాడండి. చెప్పేసేను. నూకరాజు పెళ్ళాన్ని అని చెప్పేసేను." ఆమె ముంత మీద మూత సర్దింది. "అయినా పోనివ్వలేదండి. అది వేరే సంగతి."

శరభయ్య గోడకి చేరగిలబడ్డాడు. ఆమెకి ఎలా చెప్పడం? ఆయుష్షు తగ్గుతుందని విన్నదామె. అతను కళ్ళారా చూశాడు. ఆ పేరు గట్టిగా పలికినవాణ్ణి దూలానికి వేలాడగా చూశాడు.

అప్పుడు వాళ్ళు ముగ్గురు. ఉప్పెన సముద్రాన్ని ఇళ్ళమీదికి తెచ్చిన ఏడు, బతికి బయటపడ్డ పిల్లల్ని పడవల్లో ఏరుకొచ్చి సత్రంలో దింపారు. శరభయ్యా నూకరాజూ బుల్లబ్బాయీ ఒకే పడవలో వచ్చారు. జంధ్యం వేయదగ్గవాళ్ళని బడిలో కూర్చోబెట్టారు. నూకరాజుని పశువుల శాలకి పంపారు. మధ్యాహ్నం గురువుగారు కునుకు తీసే వేళ ముగ్గురూ శాలలో చేరేవారు. బుల్లబ్బాయి వంటింట్లోంచి దబ్బకాయ ముక్క తెచ్చేవాడు. దాన్ని వంతులవారీగా చప్పరించేవారు.

శాలలో ఒక కోడెదూడ ఉండేది. మెడ బిరుసుగా పెట్టి, నెమ్మదిగా అడుగు తీసి అడుగు వేస్తూ, ముక్కుతో బుస కొట్టేది. "అచ్చం మీ గురువుగారేరా," అన్నాడు నూకరాజు. ఆ పూటే దానికి గురువుగారి పేరు పెట్టేశారు. చెవిలో గుసగుసగా పిలిచి, అది తల తిప్పితే కడుపు పట్టుకుని నవ్వేవారు. వాళ్ళకి ఉప్పెన తరవాత వచ్చిన మొదటి నవ్వు అది.

ఒక పొద్దున్న దూడ పలుపు తెంపుకుని బడిలోకి వచ్చేసింది. దాని వెనకే బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. ఎక్కడున్నాడో మరిచిపోయి, పూర్తిపేరు పెట్టి గొంతెత్తి పిలిచాడు. పిల్లలందరూ పకాలున నవ్వారు. పీట మీద గురువుగారు కూర్చుని ఉన్నారు. నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది.

దూలం మీదికి తాడు ఎవరో విసిరారు.

అదే పూట నూకరాజుని చితకబాది కోరంగి పోయే ఉప్పు పడవలో పడేశారు. సాయంత్రం శరభయ్య వంటింట్లోకి పరిగెత్తి, వంటావిడ అచ్చయమ్మతో అంతా చెప్పాడు. ఆమె పిండి చేతితోనే అతని నోరు మూసింది. "అన్నం కావాలా వద్దా నీకు?" అంది. ఏళ్ళు గడిచాక మురమళ్ళ రేవులో పడవ సరంగుగా నూకరాజు కనిపించినప్పుడు, శరభయ్య మళ్ళీ నోరు విప్పాడు. వాణ్ణి ఎక్కడ పెట్టేరురా అని నూకరాజు అడిగాడు. శరభయ్యకి తెలియదు. అప్పటినుంచీ పెదమడి చుట్టుపక్కల ఎక్కడ మట్టి తవ్వుతున్నా నూకరాజు ఆ పనిలో చేరేవాడు.

"అదిగోండి," అంది చిట్టెమ్మ. "మేనా వస్తోంది."

బోయీలు మేనా దింపారు. గురువుగారు నెమ్మదిగా బయటికి వచ్చారు. ముసలివారయ్యారు. మెడ మాత్రం అలాగే ఉంది. శరభయ్య కాళ్ళు వాటంతట అవే వంగాయి. సాష్టాంగపడి లేచాక తనేం చేశాడో అతనికి తెలిసింది. చిట్టెమ్మ అతనికేసి చూసి మొహం తిప్పుకుంది.

"తడిబట్టల్తో ఉన్నావేం నాయనా శరభా? జలుబు చేస్తుంది."

"బుల్లబ్బాయి ఎముకలు దొరికేయండీ."

"విన్నాను. అందుకే వచ్చాను. నా సాక్ష్యం కావాలన్నారు." ఆయన ఉత్తరీయం సర్దుకున్నారు. "నువ్వు పేరు చెప్పలేదుట. గుమాస్తా కబురంపాడు. నేనేమీ ఆశ్చర్యపోలేదు. నేను చెప్పిన చదువు ఎక్కడికి పోతుంది?"

"వాడు దాహం అని అడిగేడండీ. మీరు విన్నారు."

"విన్నాను. పిల్లలు అడుగుతారు." ఆయన గొంతులో కోపం లేదు. "ఉప్పెనలో ఎంతమంది పోలేదు? పోయినవాడి సంగతే అడుగుతున్నావు. మిగిలినవాళ్ళకి అన్నం పెట్టిందెవరు? నీకు పెట్టిందెవరు? ఇప్పుడూ సత్రం నిండా పిల్లలున్నారు. రేపు సత్రం మూతబడితే వాళ్ళనందరినీ నీ ఇంటికి పంపనా?"

"నూకరాజుని ఉరి తీస్తారు."

"పడవవాడు. ఎక్కడో తుఫానులో పోవలసినవాడే." ఒక్క క్షణం ఆగి, "నీకు శ్రద్ధ ఉంది. నాకు ఓపిక తగ్గింది. వచ్చి బడి చూసుకో. పాత దూలం పుచ్చిపోతే మార్పించాను, ఇల్లంతా బాగుచేయించాను," అన్నారు.



"ఇంకా వేస్తున్నారాండీ? కోదండం?"

"మరి చదువెలా వస్తుందిరా?" అని గురువుగారు అరుగు మెట్లెక్కారు.

*

గురువుగారు రావడంతో బంట్రోతులు అరుగు ముందుకి పోయారు. కొట్టం గుమ్మంలో ఎవరూ లేరు. శరభయ్య లోపలికి దూరాడు. వెనకే చిట్టెమ్మ వచ్చింది.

నూకరాజు గడ్డి మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరో దాచమని ఇచ్చిన చేతుల్లా. వేళ్ళు వేళ్ళలా లేవు.

"ఒరే శరభం," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "తడిబట్టల వాసనొస్తోంది. ఈదుకొచ్చేవా ఏంటి? నీకు ఈత రాదుకదరా."

"నడిచేనురా. రొమ్ములోతే ఉంది."

"అదీ సంగతి. నేనింకా బోల్డు మెచ్చుకుందామనుకుంటున్నా." నవ్వబోయి దగ్గాడు. పెదవి పక్కనుంచి నెత్తురు కారింది. చిట్టెమ్మ కొంగుతో తుడిచింది.

"నూకా, నిశానీ పెట్టకు. నేను చెబుతాను. ఇప్పుడే వెళ్ళి చెబుతాను."

"పెట్టేసేనురా."

"ఎప్పుడు?"

"నువ్వొచ్చి అరిచేవుగా, అప్పుడు నొక్కడం ఆపేరు. నువ్వు అరుగు మీద ఏదో చెబుతున్నావు. వీళ్ళు విన్నారు. పేరు పేరు అని తాసీల్దారు అడుగుతున్నాడు. నువ్వు చెప్పట్లేదు. ఇంక చెప్పడులే అని ఒకడు నా పక్కటెముకల మీదెక్కి నిలబడ్డాడు. లోపలేదో తెగిందిరా. కావలసింది రాసుకోండి బాబూ అన్నాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "వేళ్ళు పనికిరావని కాలి బొటనవేలికి సిరా రాసి పెట్టించేరు. చూడు."

శరభయ్య చూశాడు. బొటనవేలు నల్లగా ఉంది.

"అయినా చెబుతాను. సాక్షి మాట కాగితం మీద పడితే జడ్జీ దొర చూస్తాడు."

"చెప్పకు."

"ఏంట్రా?"

"బుల్లబ్బాయి దొరికేడు కదా. ఆ ఎముకలు ఏం చేస్తారంట?"

"తెలీదు."

"నువ్వు తెచ్చుకో. కర్మ చెయ్యి. వాడు ఇన్నేళ్ళూ ఏ మంత్రమూ లేకుండా మట్టిలో పడున్నాడు. నువ్వు ఆ పేరు పలికేసి నోరు పాడుచేసుకుంటే, వాడికి మంత్రం ఎవడు చెబుతాడు? మీవాళ్ళెవరైనా చెబుతారా, వాడి తరపున?" నూకరాజు కళ్ళు తెరిచాడు. "నాకక్కర్లేదురా మంత్రం. నన్ను గోదాట్లో పారేసినా దారి తెలుసు, సముద్రానికి పోతాను. వాడికి కావాలి."

వీడు అడుగుతున్నదీ న్యాయమే. పేరు పలికితే బుల్లబ్బాయికి కర్మ లేదు. పలకకపోతే నూకరాజుకి బతుకు లేదు. రెండూ ఒకే నోటిలో ఉన్నాయి. ఉన్నది ఒక్క నోరు.

"దాహం వేస్తోందిరా," అన్నాడు నూకరాజు.

చిట్టెమ్మ ముంత మూత తీసింది. గంజి అతని పెదవులకి అందించింది. గుటక పడలేదు. గంజి చెంప మీదుగా గడ్డిలోకి జారింది. మళ్ళీ అందించింది.

"శరభయ్యా!" అరుగు మీంచి పిలుపు. "పడవ విప్పుతున్నారు. ఉన్నావా, పోయావా?"

శరభయ్య లేచాడు.

"చెప్పకు," అన్నాడు నూకరాజు వెనకనుంచి. గొంతు గాలిలా ఉంది.

*

అరుగు మీద గురువుగారికి పీట వేశారు. ఆయన సాక్ష్యం ముగిసింది. రెండు ముక్కలే చెప్పారు. గుమాస్తా ఒప్పుకోలు కాగితం పైకి చదువుతున్నాడు. ముద్దాయి తన ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా అని చదివి, ఒక్కసారి కళ్ళెత్తి శరభయ్యని చూసి, మళ్ళీ కాగితంలోకి దిగిపోయాడు. ప్రహరీ గుమ్మం దగ్గర కాలువ కూలీలు, బోయీలు, బజారుకి పోతూ ఆగినవాళ్ళు మూగారు.

"పేరు వచ్చిందా?" అన్నాడు తాసీల్దారు.

శరభయ్య మెట్టెక్కి నిలబడ్డాడు. పీట మీది మెడ అతనివైపు తిరిగింది. గురువుగారు కోపంగా చూడలేదు. సంతలో స్వరం తప్పబోయే కుర్రాణ్ణి చూసినట్టు చూశారు. కొంచెం తలాడించారు, వద్దు అన్నట్టు.

నోరు తెరిచాడు. రోజూ పొద్దున్న చెప్పుకునే పనస గుర్తుకి తెచ్చుకోబోయాడు, ధైర్యానికి. ఎదురుగా దూలమే కనిపించింది. నూకరాజు చెప్పకన్నాడు. చెబితే నూకరాజు బతకొచ్చు. పెదవులు కలిసి విడిపోయాయి. గాలి ఒక్కటే వచ్చింది.

"కొంచెం... కొంచెం ఆగండి," అన్నాడు.

"ఇంకెంతసేపయ్యా? పోటు దిగిపోతోంది."

అప్పుడు కొట్టంలోంచి చిట్టెమ్మ ఏడుపు వినిపించింది. అది పిలుపు కాదు, మాట కాదు. విన్నవాళ్ళెవరికీ విడమరిచి చెప్పనక్కర్లేని ఏడుపు. బంట్రోతు పరిగెత్తి వెళ్ళి, నడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

"పోయేడండి."

తాసీల్దారు కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"ముద్దాయి ఒప్పుకున్నాడు. ముద్దాయి జ్వరంతో పోయాడు. రాయవయ్యా. ఇంక ఈ వ్యవహారం లేదు. పడవవాణ్ణి పొమ్మను."

గుమాస్తా కలం గీరుతున్న చప్పుడు. గుమ్మం దగ్గర జనం కదిలారు, చూడవలసింది అయిపోయినట్టు. గురువుగారు మోకాలు పట్టుకుని లేచారు.

"పాపం," అన్నారు. "పాపిష్టివాడైనా ఇంత త్వరగా పోవలసింది కాదు."

మెట్లు దిగుతూ శరభయ్య పక్కన ఆగారు. చెయ్యి అతని తలమీద పెట్టారు. ఆ చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది.

"దీర్ఘాయుష్మాన్ భవ. రేపు సత్రానికి రా. మాట్లాడుకుందాం."

శరభయ్య ఆ చేతి కింద నిలబడ్డాడు. ఇప్పుడు చెబితే ఎవరూ బతకరు. బుల్లబ్బాయికి కర్మ చేసేవాడూ మిగలడు. మురమళ్ళలో తనని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. నూకరాజు చివరిమాట కూడా వద్దనే. లాభం ఒక్కటీ లేదు. ఈ సంగతులన్నీ అతనికి తెలుస్తూనే ఉన్నాయి. సత్రంలో కొత్త దూలం ఉందన్న సంగతీ తెలుస్తూనే ఉంది.

తలమీది చేతిని తీసి పక్కకి పెట్టాడు.

"రాసుకోండి," అన్నాడు.

తాసీల్దారు తలెత్తాడు. "ఇప్పుడెందుకయ్యా? ముద్దాయే లేడు."

"రాసుకోండి."

గుమాస్తా కలం ఎత్తలేదు. సిరాబుడ్డికి మూత పెట్టేశాడు. గురువుగారి మొహంలో మొదటిసారి ఏదో కదిలింది.

"శరభా. నోరు జాగ్రత్త."

శరభయ్య అరుగుకి వీపు పెట్టి, గుమ్మం దగ్గరి జనంవైపు తిరిగాడు. పోతున్నవాళ్ళు ఆగారు. అతను ఊపిరి నిండా తీసుకున్నాడు. దూరాన రేవుదాకా వినబడేలా, సంత చెప్పే గొంతుతో, ఒక్కొక్క అక్షరం విడదీసి పలికాడు.

"పెదమడి సత్రంలో బుల్లబ్బాయిని కోదండం వేసి చంపినవాడు, వేమకోటి సూర్యనారాయణ కొడుకు, వేమకోటి అచ్యుతరామయ్య!"